జేబులో మిగిలిన కాగితం

జోయల్‌కి పాట రావడం లేదు. గొంతు బాగానే ఉంది, జలుబు కూడా లేదు. నోరు తెరిస్తే చాలు, పాటకన్నా ముందు ఎవరో రాసిన మాటలు వచ్చి కూర్చుంటున్నాయి. సాయంత్రం ఐదింటికేమో కచేరీ.

హనుమకొండ కుర్రాళ్ళు నలుగురు కలిసి పెట్టుకున్న రాక్ బ్యాండ్ వాళ్ళది, పేరు ‘ఎర్ర స్కూటర్’. గిటార్ పట్టుకుని పాడేది జోయల్. రెండేళ్ళు నానా తంటాలు పడి స్టూడియోలో పది పాటల ఆల్బమ్ చేశారు పాపం. విడుదలై పది రోజులైనా కాలేదు, విన్నవాళ్ళు దాని మీద ఇంటర్నెట్‌లో తలో రకంగా రాసేశారు.

"నీతో కాకపోతే ఇప్పుడే చెప్పురా, రద్దు చేద్దాం. మొన్న రిహార్సల్‌లోలాగ స్టేజీ మీద గుటకలు మింగితే మన బ్యాండ్ అక్కడికే ఖతం," అన్నాడు డ్రమ్స్ వాయించే తబ్రేజ్.

జోయల్ బైకెక్కి నేరుగా ఓదెలు తాత ఇంటికి పోయాడు. చిన్నప్పుడు డప్పు నేర్పింది ఆయనే. తాతకి చూపు ఆనదని, ఫోన్లో ఉన్న ఆ రాతలన్నీ పెద్దక్షరాల్లో ప్రింటు తీయించుకుని మరీ పోయాడు. తాతకి అసలు చదువే రాదన్న సంగతి అక్కడికెళ్ళాక గుర్తొచ్చింది మహానుభావుడికి!

ముసురు పట్టి డప్పు తోలు మెత్తబడింది. దాన్ని కాచడానికి వాకిట్లో గడ్డి ముట్టిస్తున్నాడు తాత. జోయల్ పక్కన గొంతుక్కూర్చుని మధ్యమధ్యలో చొక్కా జేబు తడుముకుంటూ ఒక్కొక్కటే చదివి వినిపించాడు.

"ముక్కుతో పాడతానట తాతా నేను. పాటలన్నీ ఒక్కలాగే ఉన్నాయట." చదువుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి.

తాత అంతా విన్నాడు.

"గడ్డి తడిసింది బిడ్డా, అంటుకుంటలేదు. ఆ కాయితాలిటియ్యి."

జోయల్ సంతోషంగా ఇచ్చేశాడు. భగ్గున మండాయి. తాత డప్పుని మంట మీద అటూ ఇటూ తిప్పి, పుల్లతో ఒక్క దెబ్బ వేశాడు. మొద్దుగా, నీరసంగా మోగింది.

"ఇంక కాగలే. జేబుల ఉన్నది గూడ తియ్యి."

జోయల్ చెయ్యి చటుక్కున చొక్కా జేబు మీదికి పోయింది. అందులో ఒకే ఒక్క కాగితం ఉంది. ఇలాంటి గొంతు పదేళ్ళకోసారి గానీ పుట్టదని రాశారు అందులో. మడతలు చిరిగేదాకా చదువుకున్నాడు దాన్ని. మొన్న పాట మధ్యలో ఆగిపోయింది కూడా ఆ గొంతు కోసం వెతుక్కుంటూనే.

"ఇది మంచిది తాతా."

"మంచిదైతే మంచిగనే మండుతది, తే."

ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చాడు. మంట ఒకసారి పైకి లేచి తగ్గింది. తాత డప్పు భుజానికేసుకుని దెబ్బ వేశాడు. ఖంగుమంది! ఎదురింటి మేకలు తాళ్ళు తెంపుకోబోయాయి.

దెబ్బ మీద దెబ్బ పడుతుంటే, ఎప్పుడు మొదలుపెట్టాడో తెలియదు, జోయల్ పాడుతున్నాడు. మొదటి చరణం అయిపోయింది, రెండోదీ అయిపోయింది. ముక్కుతోనే పాడాడు.

తాత పుల్ల ఆపాడు.

"ఎన్నింటికన్నవురా కచేరీ?"

"ఐదింటికి తాతా."

"మరి ఈడ కూసున్నవేంది?"