గాలికి రాసిన తాకీదు

పైడికోట అనే రాజ్యం ఒకటుండేది. అప్పటికి విమానాలు వచ్చాయి గానీ రాజులు ఇంకా పోలేదు. కనుక ఆ రాజ్యంలో రెండూ ఉండేవి.

పైడికోటను ఏలే కేతభూపతికి సైన్యమంటే మక్కువ. ఏనుగులూ గుర్రాలూ పాతబడిపోయాయని ఏడు విమానాలు కొన్నాడు. ఊరి బయట నేల చదును చేయించి, విమానం నడపడం నేర్పే సైనిక శిక్షణశాల పెట్టించాడు. నలుమూలల నుంచీ కుర్రాళ్ళను పిలిచి, పరీక్షలు పెట్టి, పద్దెనిమిది మందిని ఏరారు. పందొమ్మిదోవాడు యువరాజు జయకేతుడు. ఆయనకు పరీక్ష పెట్టలేదు.

శాల నియమాలు మాత్రం గట్టివే. అరవై గంటలు ఎగరాలి. అందులో ఇరవై గంటలు గురువు పక్కన లేకుండా ఒంటరిగా ఎగిరి, ఒంటరిగా దిగాలి. అప్పుడుగాని ఛాతీ మీద రెక్కల పతకం పెట్టరు.

రాజుగారి కొలువులో శరభయ్య అని ఒక రాయసం ఉండేవాడు. ప్రజల అర్జీలు రాజుకు చదివి వినిపించడం, రాజు పలికిన ఉత్తరువులు కాగితం మీద పెట్టడం ఆయన పని. యాభై దాటిన మనిషి. మాటకు మాట అతికించడంలో ఆయన్ను మించినవాడు లేడని పేరు. రాజుకు విసుగు పుట్టినప్పుడల్లా "శరభయ్యను రమ్మనండి" అనేవాడు.

ఒకనాడు పొద్దున్నే శరభయ్య ఇంటి అరుగు దగ్గరికి పోలినాయుడు వచ్చి నిలబడ్డాడు. రేవులో పడవ నడిపే సింహాచలం కొడుకు. శాలలో చేరిన పద్దెనిమిది మందిలో పరీక్షలో మొదట నిలిచినవాడు వాడే.

"పంతులుగారూ, ఒక అర్జీ రాసిపెట్టాలి. నన్ను శాల నుంచి తీసేశారు."

"ఏం చేశావురా?"

"విమానం పొలంలో దించానండి. గాల్లో ఉండగా ఇంజను ఆగిపోయింది. శాల దాకా రాలేనని తెలిసిపోయింది. బీడు పొలం ఒకటి చూసి దించేశాను. చక్రం ఒకటి వంగిందంతే. అనుమతి లేనిచోట దించడం మహాపరాధమని మంత్రిగారు తాకీదు పంపారు."

శరభయ్య కలం తీసినవాడు తీసినట్టే ఆగిపోయాడు. సరిగ్గా అదే వారంలో యువరాజు తనకు కాబోయే రాణికి విమానం చూపించాలని గురువును వెంటబెట్టుకుని ఆమె ఊరు మాధవరం వెళ్ళి, కోటప్ప అనే రైతు చెరుకుతోటలో దింపించాడు. పండిన తోట సగం నేలమట్టమైంది. మంత్రిగారి మనుషులు ఆ కోటప్ప చేతనే యువరాజు మెడలో పూలదండ వేయించారు. తన తోటలో కాలు మోపినందుకు ధన్యుణ్ణని కూడా అనిపించారు. ఆ మాట ఉన్న కాగితాన్ని కొలువులో చదివింది శరభయ్యే.

బీడులో ప్రాణాలు కాపాడుకున్నవాడికి గెంటివేత. పంటను తొక్కినవాడికి పూలదండ! శరభయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అర్జీ రాశాడు. రాజుకు చదివాడు కూడా. మంత్రి దివాకరామాత్యుడు పక్కనుండి, "నియమం నియమమే ప్రభూ" అన్నాడు. రాజు తలాడించాడు. అర్జీ కొట్టేశారు.

ఈ సంగతి ఊళ్ళో పొక్కింది. అప్పటిదాకా గుసగుసగా ఉన్న మాటలు సంతలో బాహాటంగా వినపడసాగాయి. యువరాజు స్నానం, ఫలహారం ముగించి వచ్చేదాకా మిగతా విమానాలేవీ లేవకూడదట. పొద్దుటిపూట గాలి నిలకడగా ఉంటుందని ఆ వేళంతా ఆయనకేనట. పడవవాళ్ళ, కుమ్మర్ల, బడిపంతుళ్ళ పిల్లలకు మిట్టమధ్యాహ్నపు సుడిగాలి మిగిలింది.

"రాజుగారి బిడ్డకు ఆ మాత్రం మర్యాద ఉండొద్దా?" అన్నాడొక బియ్యపు వర్తకుడు.

"ఉండాలి. కోటలో ఉండాలి. ఆకాశంలో ఎందుకయ్యా?" అంది పక్కన కూరలమ్మే ఆవిడ.

శరభయ్య నేరుగా శాలకు వెళ్ళి, విమాన గురువు జమాల్ సాహెబును కలిశాడు. నెరిసిన గడ్డం, మాట తక్కువ మనిషి.

"సాహెబ్, చినబాబు ఎన్ని గంటలు ఎగిరారు?"

"పుస్తకంలో అరవై."

"ఆకాశంలో?"

జమాల్ సాహెబు అటూ ఇటూ చూశాడు. "ఇరవై రెండు. ఒంటరిగా ఒక్కటీ లేదు. దిగేటప్పుడు ప్రతిసారీ నడిపే కర్ర మీద ఉండేది నా చెయ్యే. మంత్రిగారు ఎదురుగా కూర్చుని అరవై అని రాయించారు. ఈ చేత్తోనే రాశాను పంతులుగారూ. అన్నం తినబుద్ధి కావడం లేదు."

"చినబాబు ఒప్పుకున్నారా?"

"ఆయన తప్పు లేదు. ఒక్కణ్ణే వెళ్తానని రెండుసార్లు అడిగారు. ఏమైనా అయితే తల పోతుందని మంత్రిగారు వద్దన్నారు. ఇప్పుడేమో అరవై గంటలూ నిజమేననుకుని, దసరానాడు ఐదు విమానాల వరసకు ముందు తన కొడుకు ఒంటరిగా ఎగరాలని రాజుగారు పట్టుబట్టారు. మంత్రిగారు మింగలేక కక్కలేక, ఆ రోజు వాన పడాలని దేవుళ్ళకు మొక్కుతున్నారు."

ఇక ఇది పడవవాడి కొడుకు సంగతి ఒక్కటే కాదు.

ఆ మర్నాడే రాజు ఆయన్ను పిలిపించాడు. సంతలో మాటలు కోటదాకా వచ్చినట్టున్నాయి, రాజు మొహం కందగడ్డలా ఉంది.

"రాయి శరభయ్యా! యువరాజుకు ఇస్తున్న మర్యాదలు తగునా, తగవా అని నిండుసభలో చర్చ. ఎవరైనా మాట్లాడవచ్చు. బాగా మాట్లాడినవారికి బంగారు కడియం. ఆ నోళ్ళేవో నా ఎదుటనే తెరవమను!"

మంత్రి గొంతు సవరించుకుని ఇంకో వాక్యం చేర్పించాడు. "యువరాజును కించపరిచే మాట ఒక్కటి పలికినా దేశబహిష్కారం."

శరభయ్య పళ్ళు కొరుక్కుంటూ ఆ వాక్యాన్ని కూడా తన చేత్తోనే రాశాడు. చాటింపు విన్న జనం, "ఇది చర్చా, భజనా?" అనుకున్నారు.

సభ కిటకిటలాడింది. వెనక స్తంభం పక్కన పోలినాయుడు, వాడి తండ్రి సింహాచలం నిలబడ్డారు. ముందుగా మంత్రి లేచాడు. గద్దపిల్లకు ఎగరడం ఎవరు నేర్పారన్నాడు. రాజరక్తానికి గురువెందుకు, గంటలెందుకు అన్నాడు. అరగంట సేపు ఇలా అంటూనే ఉన్నాడు. మెచ్చుకోక తప్పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక ముసలాయన లేచి, నోరు తెరిచి, భటులను చూసి, మళ్ళీ కూర్చున్నాడు. ఇంకెవరూ లేవలేదు.

రాజు మీసం దువ్వాడు. "చూశారా! మా ఎదుట ఒక్క నోరూ పెగలదు. ఏం శరభయ్యా, నీకూ మాట పడిపోయిందా?"

శరభయ్య లేచి నమస్కరించాడు. "మంత్రిగారి మాటలతో నాకు పేచీ లేదు ప్రభూ. నా బాధల్లా ఒక్కటే. చినబాబుకు ఇచ్చిన మర్యాదలు చాల్లేదు."

రాజు ముందుకు వంగాడు. "ఏం తక్కువైంది?"

"గురువుకు తాకీదు పంపాం, తల వంచాడు. తోటి కుర్రాళ్ళకు పంపాం, తల వంచారు. చెరుకు రైతుకు పంపాం, తల వంచి దండ కూడా వేశాడు. ఇద్దరికి మాత్రం ఇంతవరకూ ఎవరూ పంపలేదు. అందుకని నేనే రాసుకొచ్చాను. ప్రభువులు ముద్ర వేస్తే చాలు."

కాగితం విప్పి గంభీరంగా చదివాడు.

"పైడికోట ప్రభువులు కేతభూపతుల వారి ఉత్తరువు. గాలికిని, నేలకును తెలియజేయునది ఏమనగా, మా కుమారుడు ఎగురునపుడు గాలి ఎదురు తిరుగరాదు, పక్కకు తోయరాదు. ఆయన దిగునపుడు నేల తానే పైకి వచ్చి మెత్తగా అందుకొనవలెను. మార్గమధ్యమున యంత్రము ఆగిపోయినచో, పడవవాని కొడుకు విమానమునకు వర్తించు పతనము యువరాజు విమానమునకు వర్తింపదు. మీరినచో దేశబహిష్కారము."

సభలో ఎక్కడో ఒక నవ్వు పుట్టి, దగ్గుగా మారింది. మంత్రి ఎగిరి లేచాడు. "ప్రభూ, ఇది వేళాకోళం!"

"ఇందులో చినబాబును కించపరిచే మాట ఒక్కటి చూపించండి మంత్రిగారూ. ఇప్పుడే మూట సర్దుకుంటాను."

మంత్రి కాగితం లాక్కుని పైనుంచి కిందికి వెతికాడు. దొరకలేదు.

పట్టుదల మనిషి రాజు. అందరూ చూస్తుండగా వెనక్కి తగ్గడం ఆయనకు తెలియదు. "వెయ్యండి ముద్ర!" అన్నాడు. వేశారు.

"ఇక అందజేయడం ఒక్కటే మిగిలింది" అన్నాడు శరభయ్య. "రాజముద్ర ఉన్న కాగితాన్ని సాటి రాజులకు మంత్రే స్వయంగా అందించడం మన పద్ధతి. గాలి అంతకు తక్కువ వాడు కాడు. కొలువేమో పైన ఉంది. రేపు ఉదయం చినబాబు ఒక్కరే విమానం నడుపుతారు. వెనక పీటలో మంత్రిగారు కూర్చుంటారు."

కొడుకు ప్రతాపం చూపడానికి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంది? రాజు ముఖం వెలిగింది. "భేష్! దివాకరా, రేపే వెళ్ళు."

మంత్రి ముఖం పాలిపోయింది. "నాకు... మోకాళ్ళ నొప్పులు ప్రభూ."

"కూర్చునే పనే కదండీ" అన్నాడు శరభయ్య.

"కళ్ళు తిరుగుతాయి."

"మూసుకోండి."

"పోనీ, జమాల్ సాహెబు కూడా తోడు వస్తే..."

"రాజరక్తానికి గురువెందుకని ఇప్పుడేగా తమరు సెలవిచ్చారు!"

రాజుకు కోపం వచ్చింది. "ఏమిటా నసుగుడు? నా కొడుకు మీద నమ్మకం లేదా?"

"పిల్లలు గలవాణ్ణి మహాప్రభో!" మంత్రి గొంతు కీచుమంది. "చినబాబు ఇంతవరకూ ఒక్కసారి కూడా సొంతంగా దిగలేదు!"

అనేశాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికే ఆ మాట సభ చివరిదాకా పాకింది.

రాజు నెమ్మదిగా కొడుకు వైపు తిరిగాడు. "అరవై గంటలన్నారే?"

యువరాజు లేచి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళవాడు, ఎర్రబడిన ముఖం. "ఇరవై రెండు, నాన్నగారూ. దించింది ఎప్పుడూ గురువుగారే."

"మరి దసరానాడు? ఒక్కడివే వెళ్ళేవాడివా?"

"వెళ్ళేవాణ్ణి. మీరు చెప్పారు కదా."

రాజు సింహాసనం చేతిని గట్టిగా పట్టుకున్నాడు. కొడుకు చితికి తానే ముహూర్తం పెట్టి, ఊరంతటికీ చాటింపు వేయించబోయాడు. ఆయన శరభయ్యను చూశాడు. "నీకు తెలుసు."

"నేను ఒక్క మాటా పలకలేదు ప్రభూ. పలికింది మంత్రిగారు. కించపరిచే మాట పలికినవారికి బహిష్కారమని నాచేత రాయించిందీ ఆయనే."

మంత్రి రాజు కాళ్ళ మీద పడ్డాడు. రాజు భటుల వైపు చూశాడు. శరభయ్య అడ్డం వచ్చాడు.

"వద్దు ప్రభూ. ఇవాళ ఈ సభలో నిజం పలికినవాడు ఆయనొక్కడే. ఆయన్ను కూడా వెళ్ళగొడితే మన దగ్గర ఇంకెవరు మిగులుతారు?"

రాజు ఏడుస్తాడేమో అనిపించింది. తర్వాత నవ్వాడు. చిన్నగా మొదలై, భుజాలు ఊగేటంత నవ్వు. సభంతా ఊపిరి పీల్చుకుని ఆయనతో పాటు నవ్వింది. రాజు కడియం తెప్పించి తానే శరభయ్య చేతికి తొడిగాడు.

శరభయ్య మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళుగా దిగమింగుకున్న కోపం అప్పటికి గొంతులోకి వచ్చింది.

"ఆ స్తంభం పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి చూసి నవ్వండి ప్రభూ, నవ్వగలిగితే. ఆగిపోయిన విమానాన్ని నేలకు చేర్చాడు. ఈ రాజ్యంలో ఇంతవరకూ ఆ పని చేసినవాడు ఇంకొకడు లేడు. వాణ్ణి గెంటేశాం. దండ ఎవరి మెడలో వేశామో నేను చెప్పను. చెబితే నాకు బహిష్కారం."

యువరాజు మెట్లు దిగి, జనం మధ్య నుంచి నడిచి, పోలినాయుడి ముందు నిలబడ్డాడు.

"ఇంజను ఆగిపోయినప్పుడు నువ్వు ముందు ఏం చేశావు?" అని అడిగాడు.

పోలినాయుడు తడబడ్డాడు. "ముక్కు కిందికి వంచాను బాబూ. వంచకపోతే రాయిలా పడిపోతుంది."

"నేనైతే పైకి ఎత్తేవాణ్ణి" అన్నాడు యువరాజు. తండ్రి వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "ఇతన్ని శాలలోకి తీసుకోండి. నన్ను తీసెయ్యండి. పరీక్ష రాసి మళ్ళీ వస్తాను."

రాజు తలూపాడు. శాలకు కొత్త ఉత్తరువు ఆ సాయంత్రమే శరభయ్య రాశాడు. ఒకటే వాక్యం. నియమాలు అందరికీ.

దసరానాడు వాన పడలేదు. ఐదు విమానాలు కోట మీదుగా వరసగా సాగాయి. వేదిక మీద రాజు పక్కన అతిథిగా కూర్చున్న పొరుగు రాజు, కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని పైకి చూస్తూ అడిగాడు. "ముందున్న విమానం మీ అబ్బాయిదేనా?"

"కాదు" అన్నాడు కేతభూపతి. "అది పడవ నడిపే సింహాచలం కొడుకుది."

"మరి మీవాడు?"

రాజు మైదానం చివరకు వేలు చూపించాడు. అక్కడ కొత్తగా చేరిన కుర్రాళ్ళ వరసలో, ఎండలో, గ్రీజు అంటిన చొక్కాతో జయకేతుడు నిలబడి ఉన్నాడు.

"అడుగో. ఇంకా నేర్చుకుంటున్నాడు" అని చెప్పి, తల దించుకోకుండా హాయిగా నవ్వాడు.