చాకు నూరిన చిన్న రాజకుమారుడు

అనగనగా ఒక పట్నం. పట్నం పేరు పదునూరు. రాజు లేకుండా కథేమిటని అప్పుడే మూతులు ముడవకండి, రాజూ ఉన్నాడు. ఆయన పేరు ధీరవర్మ, రాణి పేరు కనకాంబ. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణివర్మ, నడిపివాడు చిత్రవర్మ, చిన్నవాడు ఉదయవర్మ.

ఆ పదునూరులో ఒక ఆచారం ఉండేది. మొలలో చాకు లేకుండా ఎవరూ పొలిమేర దాటేవారు కాదు. రాజైనా అంతే, గొర్రెల కాపరైనా అంతే. మడిస్తే గుప్పెట్లో ఇమిడిపోయే చాకు. దాంతో పండు కోసుకునేవారు, తాడు తెంపుకునేవారు, కాల్లో ముల్లు తీసుకునేవారు. మనిషి మీదికి మాత్రం ఎత్తేవారు కాదు. ఎత్తినవాడికి ఆ పట్నంలో పిల్లనిచ్చే నాథుడు లేడు. ఇంకో సంగతి. ఎవరి చాకు వాళ్ళే నూరుకోవాలి. ఇంకొకరి చేత నూరించుకోవడమంటే మీసాలొచ్చాక అమ్మ చేత గోరుముద్దలు తిన్నంత నామోషీ!

ఒకరోజు పట్టపగలు నల్లటి మబ్బొకటి కోట మీదికి దిగింది. ఆ మబ్బులోంచి కాకజంఘుడనే మాంత్రికుడు చెయ్యి చాపి, తోటలో పూలు కోసుకుంటున్న కనకాంబను ఎత్తుకుపోయాడు. ఎందుకనుకున్నారు? వాడి మేడ ముందు ఓ రాణి బొమ్మ నిలబడి ఉంటే అందంగా ఉంటుందట! దిక్కుమాలిన ముచ్చట!

ముసలి మంత్రి అంజనం వేసి చూశాడు. చూసి, ఇలా చెప్పాడు.

"ప్రభూ, ఏడు సముద్రాల అవతల దీవిలో ఉన్నారు రాణిగారు. పాదాల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా రాయి అయిపోతున్నారు. నలభయ్యో రోజు పొద్దుగూకితే పూర్తిగా రాయే. ఆ మాంత్రికుడి ప్రాణం వాడి మేడ వెనక తాటిచెట్టు మీది చిలకలో ఉంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. జానెడు దాటిన ఆయుధమేదైనా ఆ దీవి గాలి తగిలితే గడ్డిపోచ అయిపోతుంది."

"అంటే కత్తులు పనికిరావు," అన్నాడు రాజు. "చాకులు పనికొస్తాయి. నాయనలారా, కమ్మరి కొలిమికి వెళ్ళి తలా ఒక కొత్తది ఎంచుకోండి. ఎంచుకునేటప్పుడు మీ అమ్మని తలుచుకోండి."

కమ్మరి బసవాచారి కూతురు ఓబులమ్మ కొలిమి దగ్గర కూర్చుని తిత్తులు ఊదుతోంది. చెయ్యి ఎంత చురుకో నోరూ అంత చురుకు. అరుగు మీద చాకులు పరిచి, "చూసుకోండి దొరలూ," అంది.

పెద్దవాడు కెంపులూ పచ్చలూ పొదిగిన పిడి ఉన్న చాకు పట్టుకుని, "ఇదీ రాజు చేతిలో ఉండాల్సింది!" అన్నాడు. నడిపివాడు ఇరవై ఒక్క అలుగులు, అంటే మడిచే రేకులు, ఉన్న చాకు తీసుకున్నాడు. అందులో కత్తెర, రంపం, సూది, దువ్వెన, ఆఖరికి చెవిలో గులిమి తీసే పుల్ల కూడా ఉంది. బరువు మాత్రం పొత్రమంత. "ఇందులో లేనిదేదీ లేదు!" అని మురిసిపోయాడు.

చిన్నవాడు తలగోక్కున్నాడు. "ఓబులమ్మా, నువ్వైతే ఏది తీసుకుంటావు?"

"అడిగినవాళ్ళకే చెబుతానులెండి చిన్నదొరా," అని నవ్వింది ఓబులమ్మ. "ముందు కళ్ళు మూసుకుని పట్టుకోండి. అలుగు ఎటుందో చెయ్యి చెప్పాలి, కన్ను కాదు. తర్వాత చెయ్యి తడుపుకుని పట్టుకోండి. జారిందా, అది మీది కాదు. ఆ తర్వాత ఒంటి చేత్తో తెరిచి, ఒంటి చేత్తో మడవండి. రెండో చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండదు దొరా, కొమ్మనో కొండనో పట్టుకుని ఉంటుంది."

చిన్నవాడు ఒక్కొక్కటీ అలా పట్టి చూశాడు. ఒకటి జారింది, ఒకటి గుచ్చుకుంది, ఒకటి తెరుచుకోనే లేదు. చివరికి చింతకర్ర పిడి ఉన్న మామూలు చాకు ఒకటి అరచేతిలో కుదురుగా కూర్చుంది. అలుగు పొడవు నాలుగు వేళ్ళ వెడల్పంత. పిడి మెడ దగ్గర ఇత్తడి ఉంగరం.

"తెరిచాక ఆ ఉంగరం తిప్పండి. అలుగు వెనక్కి మడుచుకుని వేళ్ళ మీద పడదు," అంది ఓబులమ్మ. "ఇక మూడు మాటలు. మీ వైపుకి కొయ్యకండి. పనయ్యాక తుడిచి మడవండి. తెగకపోతే బలం పెంచకండి, పదును పెంచండి. చిప్ప పెంకు మీద కూడా పదునెక్కే ఇనుము ఇది, మా నాన్న కాచాడు."

అన్నలిద్దరూ ఆ చాకుని చూసి విరగబడి నవ్వారు. "ఒరే తమ్ముడూ, మాంత్రికుడికి వంకాయలు తరిగిపెడతావా?" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడికి కోపం రాలేదు. చాకు మొలలో దోపుకుని గుర్రమెక్కాడు.

పోగా పోగా ఒక అడవి. అడవిలో వేటగాడి వలలో చిక్కి ఒక గద్ద కొట్టుకుంటోంది. "రాకుమారులారా, కాపాడండి!" అంది. పెద్దవాడు తన చాకు తీసి, చూసి, మళ్ళీ దాచుకున్నాడు. పచ్చకి గీత పడుతుందని భయం. నడిపివాడు కత్తెర కోసం వెతికాడు. దువ్వెన వచ్చింది, రంపం వచ్చింది, గులిమిపుల్ల వచ్చింది, కత్తెర రాలేదు. చిన్నవాడు వల కింద అలుగు వీపు గద్ద వైపుకీ పదును పైకీ వచ్చేలా దూర్చి, పైకి లాగాడు. వల ఫట్టుమంది, ఒక్క ఈక కూడా రాలలేదు.

ఇంకా పోగా పోగా ఒక బీడు. బీడులో ముంగిస మెడకి ఉచ్చు బిగుసుకుని కళ్ళు తేలేసింది. పెద్దవాడు చూసి దాచుకున్నాడు. నడిపివాడు వెతికాడు, వెతికాడు, వెతుకుతూనే ఉన్నాడు. చిన్నవాడు చాకు మొన ముడిలో పెట్టి మెల్లగా తిప్పాడు. ఉచ్చు ఊడింది.

ఇంకా పోగా పోగా సముద్రపు ఒడ్డు. అక్కడ ఇల్లంత తాబేలు, కాళ్ళకి పడవ తాళ్ళు చుట్టుకుని కదల్లేక పడి ఉంది. చెప్పాలా? పెద్దవాడు దాచుకున్నాడు, నడిపివాడు వెతికాడు. తాడు బొటనవేలంత లావు. చిన్నవాడు తాడు మీద చాకుని అదమలేదు, ముందుకీ వెనక్కీ లాగాడు, ఓపిగ్గా. ఒక్కో పేటా తెగింది. పనయ్యాక చాకు తుడిచి, మడిచి, దోపుకున్నాడు.

"నీ రుణం ఉంచుకోను నాయనా. ఎక్కండి, ముగ్గురూ ఎక్కండి!" అంది తాబేలు. వాళ్ళ వెంటే వచ్చిన ముంగిస కూడా ఎక్కింది. గద్ద పైన ఎగురుతూ వచ్చింది.

ఏడు సముద్రాలంటే తమాషా కాదు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రంలో అలలు లేచి అందర్నీ ముంచాయి, నడిపివాడి ఇరవై ఒక్క అలుగులూ పాకంలో ముద్దై అతుక్కుపోయాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. నేతి సముద్రంలో పెద్దవాడు తన చాకు తీసి కెంపులు తుడుచుకుంటున్నాడు. చెయ్యి జిడ్డు, పిడి నున్నన. బుడుంగ్! అన్నలిద్దరూ తాబేలు మీద మొహమొహాలు చూసుకున్నారు.

ఏడో సముద్రం నిండా నాచు. తాబేలు కాళ్ళకి చుట్టుకుని అడుగు కదలనివ్వదు. చిన్నవాడు నడుముకి అన్నల ఉత్తరీయాలు కట్టించుకుని, కిందికి వేలాడుతూ, ఎడమచేత్తో తాబేలు డిప్ప పట్టుకుని కుడిచేత్తో నాచు కోశాడు. ఒకరోజు కాదు, తొమ్మిది రోజులు కోశాడు. ముప్పయితొమ్మిది రోజులూ అక్కడికే సరిపోయాయి.

నలభయ్యో రోజు మధ్యాహ్నానికి దీవి చేరారు. మేడ ముందు కనకాంబ నిలబడి ఉంది. పాదాల నుంచి భుజాల దాకా రాయి. మొహం ఒక్కటే మనిషి. కొడుకుల్ని చూడగానే కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి. చిన్నవాడి గుండె చెరువైపోయింది. అమ్మ చెయ్యి ముట్టుకుంటే చల్లగా తగిలింది, బండ తగిలినట్టు.

"అన్నయ్యలూ, మీరు అమ్మ దగ్గరుండండి," అన్నాడు.

మేడ వెనక తాటిచెట్టు. చెట్టు చుట్టూ పాములు. ముంగిస ఒక్క దూకు దూకి వాటి సంగతి చూసుకుంది. గద్ద చిన్నవాణ్ణి కాళ్ళతో పట్టుకుని చెట్టు కొసన దింపింది. అక్కడ ఇనుప పంజరం. చెయ్యి మాత్రం దూరే సందు. లోపల చిలక, చిలక పక్కన అరచేతిలో ఇమిడే నీళ్ళ మట్టిచిప్ప.

"నన్ను చంపకు!" అంది చిలక. "చంపితే మాంత్రికుడు చస్తాడు, మీ అమ్మ మాత్రం రాయిగానే ఉండిపోతుంది. నా కాలికి నల్లదారం చూడు, వాడి ప్రాణాన్నీ మంత్రాన్నీ నాకు కట్టింది అదే. అది ఒక్క కోతకి తెగాలి. నా ఒంటి నుంచి ఒక్క బొట్టు రక్తం రాకూడదు. వచ్చిందా, మీ అమ్మ ఇక లేదు."

దారం చిలక కాల్లో కూరుకుపోయి ఉంది. చిన్నవాడు చాకు తెరిచి, ఉంగరం తిప్పి, అలుగుని బొటనవేలి గోటి మీద ఆనించి చూశాడు. పదునుంటే గోటికి పట్టుకోవాలి. సర్రున జారిపోయింది. తొమ్మిది రోజుల నాచు పదునంతా తినేసింది.

కింద పెద్దన్న కేక. "తమ్ముడూ! అమ్మ మెడ దాకా రాయైపోయిందిరా! కొయ్యరా!"

"ఆలస్యం అమృతం విషం! కొయ్యి బాబూ!" అంది చిలక కూడా.

మీరైతే ఏం చేసేవారు? కోసేసేవారు. మొద్దు చాకుతో బలంగా నొక్కేవారు, చిలక కాలు తెగేది, అయిపోయేది అమ్మ కథ. చిన్నవాడు అలా చెయ్యలేదు. పంజరంలోంచి చిప్ప బయటికి తీసి, నీళ్ళు తన ఉత్తరీయం మీద ఒంపి, బోర్లించాడు. చిప్ప అడుగు గరుగ్గా ఉంది. ఉత్తరీయం పిండి దాన్ని తడిపి, చాకు ఏటవాలుగా ఆనించి, నూరడం మొదలుపెట్టాడు.

"ఇటు ఒకటి... ఇటు రెండు... ఇటు మూడు..."

అంతలో నల్లమబ్బు మీద కాకజంఘుడు రానే వచ్చాడు. "ఎవడ్రా నువ్వు!" అని చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపేశాడు. ఎందుకో తెలుసా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాడు తన చేత్తో ఒక్క పనీ చేసి ఎరగడు. వక్క చెక్క కావాలన్నా మంత్రమే, గోరు తియ్యాలన్నా మంత్రమే. చాకు నూరడం వాడేనాడు చూశాడు గనక! ఒక కుర్రవాడు కళ్ళు దించుకుని, నీళ్ళు చిలకరించి, చిప్ప మీద ఇనుము రుద్దుతూ అంకెలు లెక్కపెడుతుంటే జపమనుకున్నాడు. జపం మధ్యలో ఆపితే ఆపినవాడి తల పగులుతుందని మంత్రగాళ్ళందరికీ భయం.

"ఏ... ఏం జపంరా అది?" అన్నాడు.

చిన్నవాడు తలెత్తలేదు. "కాస్త ఆగండి మావా, సగమే అయింది. అటు ఒకటి... అటు రెండు..."

"దేవతెవరు?"

"ఓబులమ్మ," అన్నాడు చిన్నవాడు.

ఆ పేరు కాకజంఘుడి పుస్తకంలో లేదు! వాడికి ముచ్చెమటలు పోశాయి. కొత్త దేవతకి విరుగుడు మంత్రం ఏమిటా అని తాళపత్రాల కట్ట విప్పి తిరగేశాడు. ఇటు పది అయింది, అటు పది అయింది. చిన్నవాడు అలుగుని మళ్ళీ గోటి మీద పెట్టాడు. పట్టుకుంది.

కింద అన్నలు ఏడుస్తున్నారు. అమ్మ గడ్డం రాయైంది, పెదవులు రాయయ్యాయి.

చిన్నవాడు ఊపిరి బిగబట్టాడు. పంజరంలోకి చెయ్యి పోనిచ్చి, అలుగు వీపుని చిలక కాలికి ఆనించి, మొనని దారం కిందికి వెంట్రుకవాసి జరిపి, బయటికి లాగాడు. టప్. అంతే. దారం తెగింది. చిలక కాలి మీద ఎర్రటి చుక్క కూడా లేదు.

కాకజంఘుడు "అయ్యో, ఓబులమ్మా!" అని అరిచి గుప్పెడు బూడిదై సముద్రంలో కలిసిపోయాడు.

గద్ద చిన్నవాణ్ణి కిందికి దింపింది. వాడు తెరిచిన చాకు చేతిలో పట్టుకునే అమ్మ దగ్గరికి పరిగెత్తాడు. కనకాంబ పెదవులు కదిలాయి, మెడ కదిలింది, చేతులు వచ్చాయి. ఆవిడ అన్న మొదటి మాట ఏమిటో వినండి. "ముందు ఆ చాకు మడవరా నాయనా, తర్వాత కౌగిలించుకుందువు గాని!" వాడు నవ్వాడు, తుడిచాడు, మడిచాడు, మొలలో పెట్టాడు. అప్పుడు అమ్మ ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నలభై రోజుల ఏడుపు మరి.

పదునూరు చేరాక రాజు, "నా తర్వాత రాజ్యం ఉదయుడిది. ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు. అన్నలిద్దరూ సంతోషంగా తలూపారు. చిన్నవాడు నేరుగా కొలిమి దగ్గరికి వెళ్ళి, చాకు అరుగు మీద పెట్టాడు. ఓబులమ్మ గోటి మీద పెట్టి చూసి, "ఇటువైపు రెండు దెబ్బలు ఎక్కువ పడ్డాయి దొరా," అంది.

"కంగారుగా నూరానులే. పెళ్ళి చేసుకుంటే దగ్గరుండి నేర్పుతావా?"

"నేర్పుతాను. నూరిపెట్టమంటే మాత్రం కుదరదు," అంది ఓబులమ్మ, మొహం కొలిమి నిప్పు కన్నా ఎర్రగా చేసుకుని. బసవాచారి పైపంచె దులుపుకుని వియ్యంకుణ్ణి కలుసుకోడానికి బయల్దేరాడు.

అయిదు రోజుల పెళ్ళి. ఊరంతా పందిరే, ఊరంతా విందే. ఆ హడావిడిలో ఒక సంగతి మాత్రం చిన్నవాడి కళ్ళబడింది. అమ్మ నడుస్తుంటే టక్కు టక్కుమంటోంది. వంగి చూశాడు. ఎడమకాలి చిటికెనవేలు రాయిగానే ఉండిపోయింది.

వాడి మొహం పాలిపోయింది. "నూరకుండా కోసి ఉంటే వేలు కూడా దక్కేదేమోనమ్మా. ఆలస్యం చేశాను."

"పిచ్చి సన్నాసీ," అంది కనకాంబ వాడి చెవి మెలిపెట్టి. "నూరకుండా కోసి ఉంటే ఈ పాటికి నేను వాడి గుమ్మం ముందు కాకులకి అరుగునై ఉండేదాన్ని. వేలు పోతే పోయింది, వియ్యపురాలి ముందు నడిచే కాళ్ళున్నాయి. పద, పద, కోడలికి ఆకలేస్తోంది!"

ఉదయవర్మా ఓబులమ్మా ఏభై ఏళ్ళు రాజ్యమేలారు, కరువు లేకుండా, కలహం లేకుండా. కనకాంబ మునిమనవల్ని కూడా ఎత్తుకుంది. రోజూ తెల్లవారేసరికి మేడ మెట్ల మీద టక్కు టక్కుమని వినబడేది. ఎంత పనిలో ఉన్నా ఉదయవర్మ ఒక్క క్షణం ఆగి అది వినేవాడు. విని, హాయిగా నవ్వుకుని, పనిలో పడేవాడు.