నీళ్ళనడుగు

ఆ మధ్యాహ్నం వామనమూర్తికి అన్నం సయించలేదు. పొద్దుటి నుంచి రెండు టర్బైన్ బ్లేడ్లు పాడయ్యాయి. మిగిలింది ఒక్కటే. అదీ పోతే తనను మళ్ళీ పాత లేత్ మిషను మీదికి తోసేస్తారు.

బాలానగర్‌లో ఆ రేకుల షెడ్డు ఇప్పుడు లేదు. ఆ రోజుల్లో దాని గుమ్మంలో అడుగుపెడితే చాలు, తడి ఇనుము వాసనా అల్లం టీ వాసనా కలిసి ఎదురొచ్చేవి. ఆ వాసన వామనమూర్తికి మళ్ళీ ఎక్కడా తగల్లేదు. అక్కడ లోహానికి బెజ్జాలు వేసేది బరమా కాదు, వెలుగు. వెంట్రుకంత సన్నటి నీటిధార పైనుంచి సూటిగా దిగేది. ఆ ధార లోపలి నుంచే లేజర్ కిరణం వచ్చి బ్లేడును తొలిచేది.

ఆ పని నేర్పింది కేశవాచార్యులు. ఆయనకో అలవాటు. నీటి వాల్వు తిప్పి, స్టూలు మీద కూర్చుని, గ్లాసుడు టీ తాపీగా తాగాక గానీ లేజర్ బటన్ ముట్టుకునేవారు కాదు. "సారు గొంతు తడిస్తేగానీ మిషను కదలదు" అని వామనమూర్తి చాటుగా నవ్వేవాడు. మిషను తన చేతికి వచ్చిన మొదటి రోజే ఆ టీ కాస్తా ఎత్తేశాడు.

"బెజ్జం అంచులు చిట్లిపోతున్నాయి సార్. పవర్ చాలట్లేదు. ఇంకాస్త పెంచమంటారా?" అని ఆ మధ్యాహ్నం వామనమూర్తి ఆచార్యులను అడిగాడు.

ఆచార్యులు ఖాళీ ప్లాస్టిక్ సీసాకి అడుగు దగ్గర వేడి సూదితో చిల్లు పెట్టారు. దాన్ని వేలితో మూసి, నీళ్ళు నింపి, షెడ్డులో లైట్లార్పమన్నారు. చిల్లుకి ఎదురుగా, సీసా అవతలి నుంచి, లేజర్ పాయింటరు పట్టుకోమని శిష్యుడికిచ్చి వేలు తీశారు.

ధార వంగి బకెట్లో పడింది. ఎర్రటి వెలుగు కూడా దానితోపాటే వంగి, బకెట్లో చుక్కగా నిలిచింది. వామనమూర్తి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఆచార్యులు సీసాను కాస్త కుదిపారు. ధార చెదిరింది. వెలుగు గోడ మీదికీ ఆయన చొక్కా మీదికీ చిందిపోయింది.

"ఇంతకన్నా పవరున్న లైటు తెప్పించనా?"

వామనమూర్తికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వెళ్ళి ఆఖరి బ్లేడు బిగించి, వాల్వు తిప్పాడు. గాలిబుడగలతో ధార తెల్లగా, వణుకుతూ దిగింది. పొద్దున్న కూడా ఇలాగే దిగి ఉంటుంది. చూసిందెవరు?

చెయ్యి అలవాటు కొద్దీ బటన్ మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు. ఫ్లాస్కు విప్పి రెండు గ్లాసుల్లో టీ పోశాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తాగారు.

"టీ అయిపోయింది సార్. ఇక మొదలుపెట్టనా?"

"నన్నెందుకయ్యా అడుగుతావు? నీళ్ళనడుగు."

వంగి చూశాడు. ధార ఇంకా సన్నగా వణుకుతోంది. మరో అరగ్లాసు పోసుకున్నాడు.

ఆ సాయంత్రం నున్నటి బెజ్జాల్లోంచి ట్యూబులైటును చూసి ఆచార్యులు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి మిషన్లు తెలివైనవి. ధార కుదురుకోగానే పచ్చలైటు వేసి తామే చెబుతాయి. లైటు వెలుగుతుంది. వామనమూర్తి టీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, వంగి నీళ్ళనే అడుగుతాడు.