పిలిచి దాటే వారధి

రేవుకోటలో రైలు దిగిన భక్తులు ముందుగా అడిగేది ఊగే వంతెన గురించే. తెప్పలమ్మ తల్లి గుడి ఎక్కడని అడగడం ఆ తరువాత. దీనికి అమ్మవారు చిన్నబుచ్చుకోదు. గుడి వంతెన పాదం దగ్గరే ఉంది కనుక వంతెన చూడబోయినవారికి అమ్మ దర్శనం ఎలాగూ తప్పదు.

నీలవేణి నదికి ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి రెండు రాతి గోపురాలున్నాయి. వాటి తలల మీదుగా లావుపాటి ఇనుప మోకులు సాగి, నది నడుమ దాకా వంగి, మళ్ళీ పైకి లేస్తాయి. మోకులకు ఊచలు, ఆ ఊచలకు వేలాడుతూ చెక్క బాట. నీటిలో ఒక్క స్తంభమైనా లేదు. రెండు గుంజలకు కట్టిన చీర ఉయ్యాలను చూసినవారికి ఈ వంతెన సంగతి వేరే చెప్పనక్కరలేదు. దిగువన సిమెంటు వంతెన వచ్చాక బండ్లన్నీ అటు మళ్ళాయి, ఇది నడిచేవాళ్ళకు మిగిలింది. సాయంత్రమయ్యేసరికి కాల్చిన మొక్కజొన్న పొత్తుల వాసన, ఫోటోలు తీసుకునే కొత్త జంటలు, ఒకప్పుడు దీని మీదే సైకిలు తొక్కుకుంటూ కాలేజీకి వెళ్ళిన పెద్దమనుషులు. ఆ పెద్దమనుషులు నడిమధ్య దాకా వచ్చి, మోకు మీద చెయ్యి వేసి, నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోతారు. వారిని కాసేపు అలా ఉండనివ్వండి.

కొత్తగా వచ్చినవారికి ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది. ఊరివారెవ్వరూ తిన్నగా వంతెన ఎక్కరు. గోపురం కింద ఆగి, అరచేతులు నోటికి అడ్డం పట్టి, ఎదుటి ఒడ్డుకేసి "ఓ నావోయ్!" అని కేక వేస్తారు. నదిలో నావ ఉండదు. అయినా ఆ ఒడ్డు నుంచి ఎవరో ఒకరు "వస్తన్నా!" అని పలుకుతారు. ఆ పలుకు చెవిన పడ్డాకే కాలు పెడతారు. గుడిలో అమ్మవారి పక్కన ఒక పాత తెడ్డు ఉంది. దానికీ పసుపు రాసి బొట్టు పెడతారు. ఈ రెండు ఆచారాల వెనక ఉన్నది ఒకే కథ.

పూర్వం ఇక్కడ వంతెన లేదు, గుడీ లేదు. రేవు మాత్రమే ఉండేది. మైలపిల్లి వారి మూలపురుషుడు ఆ రేవులో పడవ నడిపేవాడు. ఒకనాడు ముసురు పట్టిన వేళ అతను పడవ కట్టేసి కంచం ముందు కూర్చున్నాడు. ఆవలి ఒడ్డు నుంచి "ఓ నావోయ్" అని ఆడమనిషి గొంతు వినిపించింది. అతను కలిపిన ముద్ద వదిలి, చెయ్యి కడుక్కుని, "వస్తన్నా" అంటూ లేచాడు. ఆమెను ఎక్కించుకుని వచ్చాడు. ఆమె దిగి నడిచిన తడి ఇసుకలో పాదాల గుర్తులు పడలేదు. అది చూసి అతను చేష్టలుడిగి నిలబడితే ఆమె వెనక్కి తిరిగి, "పిలిస్తే పలికావు. ఈ రేవులో పిలుపుకు పలికేవాళ్ళు ఉన్నంత కాలం నేనిక్కడే ఉంటాను" అని చెప్పి మాయమైంది. ఆ చోట దొరికిన శిలయే నేటి మూలవిరాట్టు. ఏటా జ్యేష్ఠ మాసంలో తల్లిని పుట్టిల్లయిన ఆవలి ఒడ్డు సిరిపాలేనికి తీసుకువెళ్ళడం, అదీ మైలపిల్లి వారి పడవలోనే తీసుకువెళ్ళడం నాటి నుంచి ఆనవాయితీ అయింది.

ఆ వంశంలో కొన్ని తరాల తరువాతివాడు కొర్లయ్య. మనిషి ఎంత భారీయో గొంతు అంత భారీ. ఆవలి ఒడ్డున ఎవరు పిలిచినా గొంతు పట్టి మనిషిని పోల్చేవాడు. పడవ ఎక్కినవాళ్ళ కష్టసుఖాలు ఒడ్డు చేరేలోగా అతనికి తెలిసిపోయేవి. ఏ పిల్లకు ఏ సంబంధం కుదిరిందో, ఏ కోడలు పుట్టింటికి అలిగి పోతోందో పురోహితుడి కన్నా ముందు అతనికే తెలిసేది. రేవులో అతనంత దర్జాగా బతికినవాడు లేడు.

అయితే ఆ గుండెలో ఒక ముల్లు ఉండేది. ఒక ఏడు నీలవేణి కట్టలు తెంచుకుని పారుతున్నప్పుడు సిరిపాలెం దాలినాయుడు అవతలి ఒడ్డున నిలబడి పగలంతా కేకలు వేశాడు. అతని భార్య నొప్పులు పడుతోంది, మంత్రసాని చేతులెత్తేసింది, ఆసుపత్రి ఈ ఒడ్డున ఉంది. కొర్లయ్య "వస్తన్నా, వస్తన్నా" అని పలుకుతూనే ఉన్నాడు. పడవను నీళ్ళలోకి తోసినప్పుడల్లా వరద విసిరి ఒడ్డున పారేసింది. పొద్దు వాలాక అవతలి కేకలు ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో కొర్లయ్యకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆ తరువాత దాలినాయుడు మళ్ళీ పడవ ఎక్కలేదు, రేవుకేసి చూడనూ లేదు.

ఆ వరద తరువాతే సంస్థానం వారు వంతెన తలపెట్టారు. కొర్లయ్యకు కూడు పోయే పని అది. అయినా గోపురాలు లేస్తుంటే చూడకుండా ఉండలేకపోయాడు. ఖాళీ దొరికితే చాలు, పడవను ప్రవాహం నడుమ నిలిపి, తల వెనక్కి వాల్చి, మోకులు ఎలా లాగుతున్నారో, ఊచలు ఎలా దించుతున్నారో నోరు తెరుచుకుని చూసేవాడు. భార్య పోలమ్మకు ఒళ్ళు మండిపోయేది.

"ఏటి మావా, అది మన కడుపు కొట్టడానికొచ్చిన సవితి. నువ్వేటి దాని సోకు సూస్తన్నావు?"

"తిట్టుకోవే, తిట్టుకో. కానీ ఒక్కపాలి సూడు. నీళ్ళల్లో కాలెట్టకుండా ఏటిని దాటేసినాది. ఎంత సక్కగున్నాదో!"

"అయితే దాన్నే ఏలుకో" అని ఆమె అన్నం కుండ మీద మూత ఠప్పున పెట్టింది.

వంతెన తెరిచారు. జనం తండోపతండాలుగా వచ్చి చూశారు, మోకులను తడిమారు, నడుమ నిలబడి ఊగారు, కేరింతలు కొట్టారు. కొర్లయ్య మాత్రం ఎక్కలేదు. మర్నాటి నుంచి రేవు మూగదైంది. అతను పొద్దున్నే పడవ కడిగి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పిలిచే గొంతు లేదు. కూటికి దిగులు పడలేదు, చేతిలో వల ఉంది. అతన్ని తొలిచింది తల్లి మాట. పిలుపే లేని చోట పలుకు ఎక్కడిది? పలుకు లేకపోతే అమ్మ ఉంటుందా? ఈ భయం పోలమ్మకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే పడవ కోసం ఏడుస్తున్నాడని నవ్వుతారని అతని బెంగ.

జ్యేష్ఠం వచ్చింది. ఈసారి తల్లిని కొత్త వంతెన మీదుగా మేళతాళాలతో పుట్టింటికి తీసుకువెళ్ళాలని పెద్దలు నిర్ణయించారు. కొర్లయ్యకు ఆ కబురు అందింది. అయినా పడవకు రంగు వేశాడు, ముక్కుకు వేపమండలు కట్టాడు, కొత్త పంచె కట్టుకుని వంతెన నీడలో పడవను గుంజకు కట్టి అందులో కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండకు కునుకు పట్టింది. ఆ కునుకులో ఎర్రచీర కట్టిన ముసలావిడ పడవ చివర కూర్చుని నీళ్ళలో కాళ్ళు ఆడిస్తోంది.

"కొర్లయ్యా, ఆనాడు నేను పిలిస్తే పలికింది పడవా, మనిషా?" అని అడిగింది.

అతను జవాబు చెప్పబోయేలోగా ఆవిడ లేదు. పైన పెద్ద గోల. కళ్ళు తెరిచి చూస్తే వంతెన పాములా మెలికలు తిరుగుతోంది.

జరిగింది ఇది. పల్లకి మోసేవాళ్ళు, వెనక జనం, అందరూ డప్పుల దరువుకు ఒక్కుమ్మడిగా అడుగు వేస్తూ నడిమధ్యకు వచ్చారు. అడుగు అడుగుకీ ఊపు హెచ్చింది. బోయీలు నిలవలేక పల్లకి దించి, ఊచలు పట్టుకుని కూలబడ్డారు. ఆడవాళ్ళు శరణుఘోష మొదలుపెట్టారు. పూజారి సన్యాసయ్య వంతెన మీద నుంచి తల బయటికి పెట్టి కేక వేశాడు.

"ఓ నావోయ్! ఒరే కొర్లయ్యా! అమ్మ కదల్నంటందిరా! పడవ దీని కిందకెట్టు, తాళ్ళేసి దించేస్తాం. తల్లికి నీ పడవే కావాలట!"

ఎన్నాళ్ళకు వినిపించిన పిలుపు! కొర్లయ్య ఒళ్ళు పులకరించింది. అతను వేగంగా కట్టుతాడు విప్పాడు. తల్లిని పడవలోకి దించుకుంటే చాలు. అమ్మ కాదన్న వంతెన అని పొద్దుగూకేలోగా ఊరంతా పాకిపోతుంది. అమ్మ దాటని బాట మీద ఇంకెవరు దాటుతారు? రేవు మళ్ళీ నిండుతుంది, పాత గొంతులన్నీ మళ్ళీ పిలుస్తాయి. తెడ్డు నీళ్ళలో వేయబోయాడు.

అప్పుడు కలలోని ప్రశ్న గుర్తుకు వచ్చింది. దాని వెంటే దాలినాయుడి కేక గుర్తుకు వచ్చింది. ఆ పగలంతా పలికింది మనిషి. వెళ్ళలేకపోయింది పడవ. ఈ వంతెన పాడుపడితే రేపటి వరదలో మరొకడు అలాగే పిలుస్తాడు, తాను మళ్ళీ అలాగే పలుకుతూ ఒడ్డున నిలబడాలి. కొర్లయ్య విప్పిన తాడు మళ్ళీ గుంజకు కట్టేశాడు. తెడ్డు భుజాన వేసుకుని, నది దద్దరిల్లేలా "వస్తన్నా!" అని పలికి, అంతవరకు కాలు పెట్టని గోపురం మెట్లు ఎక్కాడు.

బాట మీద మొదటి అడుగు వేయగానే ఆగిపోయాడు. కాలి కింద చెక్క కదిలింది. మనిషి ఎక్కినప్పుడు పడవ కొంచెం ఒదిగి మళ్ళీ లేస్తుందే, అచ్చం అలా కదిలింది. ఇనుమూ రాయీ అనుకున్నది ఊపిరి ఉన్న వస్తువని అతనికి తెలిసింది. కళ్ళు చెమర్చాయి. అలా కళ్ళు తుడుచుకుంటూనే పల్లకి దాకా నడిచాడు.

"ఓరి సన్యాసీ, అమ్మ కదల్నన్లేదురా. ఊగతంది. ఇన్నేళ్ళూ పడవలో ఊగిన తల్లి కాదేటి?"

"మరి మేం పడిపోతన్నాం గదరా!"

"పడవలో అందరూ ఒక్కపాలే ఒక్కపక్కకి ఒరిగితే ఏటవుద్ది? ఇదీ అంతే. డప్పులాపండి. ఎవుడడుగు వోడెయ్యండి. నా ఎనకాల రండర్రా."

వంతెన కట్టిన ఇంజనీర్లు ఈ మాటే రెండు భాషల్లో బోర్డు మీద రాయించి గోపురానికి తగిలించారు. మనవాళ్ళు భక్తి కొద్దీ దాని మీదే మామిడి తోరణం కట్టారు. తోరణం ఎండి రాలాక గానీ ఆ బోర్డు ఎవరి కంటా పడలేదు.

డప్పులు ఆగాయి. కొర్లయ్య తెడ్డు పట్టుకుని ముందు నడిచాడు. వెనక పల్లకి, ఆ వెనక జనం, ఎవరి అడుగు వారిదిగా సాగారు. ఆ నిశ్శబ్దంలో పల్లకి చిరుగంటలు, కింద నీటి చప్పుడు, ఇవే వినిపించాయి. వంతెన మెల్లగా, హాయిగా ఊగింది. తన బతుకుతెరువును తన చేతులతోనే ఒడ్డు దాటిస్తున్నానని కొర్లయ్యకు తెలుసు. బాధ కలిగింది. అయినా నడక ఆపలేదు.

సిరిపాలెం గోపురం కింద జనం హారతులతో ఎదురుచూస్తున్నారు. వారందరి కన్నా ముందు, నెరిసిన గడ్డంతో, దాలినాయుడు నిలబడి ఉన్నాడు. కొర్లయ్యను చూశాడు, తెడ్డును చూశాడు.

"ఇప్పటికొచ్చినావేటి, కొర్లన్నా?" అన్నాడు.

"ఆలీసం అయిపోనాది, తమ్ముడా" అన్నాడు కొర్లయ్య.

దాలినాయుడు భుజం మీది కండువా తీసి అతని ముఖం తుడిచాడు. ఆ తరువాతే తల్లికి హారతి ఇచ్చారు.

ఆనాడే కొర్లయ్య తెడ్డును అమ్మవారికి సమర్పించాడు. ఇక పిలుపు సంగతి చెప్పాలి. రేవులో జీవితమంతా కేక వేసి దాటిన ముసలమ్మలకు గొంతు విప్పనిదే కాలు కదిలేది కాదు. వంతెన ముందు ఆగి, సిగ్గుపడుతూనే "ఓ నావోయ్" అనేవారు. ఈ ఒడ్డున గోపురం అరుగు మీద వల అల్లుకుంటూ కూర్చున్న కొర్లయ్య "వస్తన్నా" అని పలికేవాడు. చూసి చూసి పడుచువాళ్ళూ పిలవసాగారు. అతను ముసలివాడై, వల పక్కన పెట్టి, ఉత్తినే కూర్చునే రోజుల్లో కూడా ఒక్క పిలుపుకైనా పలకకుండా ఉండలేదు.

కొర్లయ్య కాలం చేసిన మర్నాడు సిరిపాలెం నుంచి అమ్మవారికి పూలు తెచ్చే మనిషి అలవాటు కొద్దీ ఆ ఒడ్డు గోపురం కింద "ఓ నావోయ్" అని పిలిచింది. పిలిచాక గుర్తుకు వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ ఒడ్డున అంతా మౌనం. మైలపిల్లి వారి గుమ్మంలో కూర్చున్న చుట్టాలు తలలు దించుకున్నారు. అప్పుడు మైలలో ఉన్న పోలమ్మ, గడప దాటి వీధిలోకి రాకూడని పోలమ్మ, లేచి రేవు గట్టు మీదికి వచ్చింది. భర్త బతికినన్నాళ్ళు సవితి అని తిట్టిన వంతెనకేసి తిరిగి, బొంగురు గొంతుతో, "వస్తన్నానమ్మా, నువ్వు రా!" అని పలికింది.

నాటి నుంచి ఈ పలుకు ఒక ఇంటిది కాకుండా పోయింది. ఒడ్డున ఎవరుంటే వారు పలుకుతారు. పొత్తులు కాల్చే ఆమె పలుకుతుంది, రిక్షా అతను పలుకుతాడు, పరీక్షకు పోతున్న పిల్లలు పలుకుతారు. జ్యేష్ఠంలో తల్లి పుట్టింటికి వెళ్ళేటప్పుడు వంతెన మొదట్లోనే డప్పులు ఆగిపోతాయి. మైలపిల్లి వారు తెడ్డు పట్టి ముందు నడుస్తారు. మాట పట్టింపుతో విడిపోయిన అన్నదమ్ములు, ఎంత పిలిచినా ఇంటికి రాని బిడ్డల కోసం తల్లులు ఇక్కడికి వచ్చి, ఆ మనిషిని తలచుకుని కేక వేస్తే ఆ ఏడాది తిరిగేలోగా పలుకు అందుతుందని భక్తుల నమ్మకం.

వంతెన చూడవచ్చిన మీరు కూడా పిలిచి దాటండి, మోకు మీద చెయ్యి వేసి నడుమ కాసేపు నిలబడండి. ఎవరి అడుగు వారు వేయండి. దాటాక తొందరపడి వెళ్ళిపోకండి. ఒక్క క్షణం వెనక్కి తిరిగి ఆగండి. మీరు వచ్చిన ఒడ్డున ఎవరో పిలుస్తూ ఉండవచ్చు. చేతిలో పొత్తు ఉన్నా, ఫోను ఉన్నా పక్కన పెట్టి, గొంతు ఎత్తి "వస్తన్నా" అని పలకండి.