మంగాయమ్మ గెలిచిన కేసు

కోతలైపోయి ఎండలు ముదిరాక, చేలగట్ల మీద కాపురముండే జీవాలకి మధ్యాహ్నం పూట ఒకటే పని. ఎక్కడివాళ్ళక్కడ చల్లగా కూర్చుని టీవీలో నక్క జోగారావు లైవ్‌లో నడిపే ‘మీ గోడు - మా తీర్పు’ చూడటం. మొగుడూ పెళ్ళాం జుట్లు పట్టుకుంటే వీళ్ళకి వినోదం. తల్లీ కూతురూ ఏడిస్తే కాలక్షేపం. ఎలుక మంగాయమ్మ కూడా రోజూ చూసేది, చూసి కళ్ళొత్తుకునేది.

అలాంటి మంగాయమ్మ ఇంట్లోకే పందికొక్కు బుల్లెయ్య వచ్చి పడ్డాడు. ముందు వసారాలో తలదాచుకుంటానన్నాడు. తర్వాత ధాన్యం గదిలో పక్కేశాడు. ఇప్పుడు ఇల్లే తనదంటున్నాడు. ఇంకా కళ్ళు తెరవని పిల్లల్ని పొదువుకుని ఆవిడ వెనక గదిలో బిక్కుబిక్కుమంటూ బతుకుతోంది.

ఈ గొడవ ఎవరు చేరవేశారో గాని, జోగారావే వెతుక్కుంటూ వచ్చాడు.

“ఏడవకు చెల్లెమ్మా, అన్నని నేనున్నాను. మా ప్రోగ్రాంకి వచ్చి చెప్పుకో. లోకమంతా నీ వైపే ఉంటుంది.”

“లోకంతో నాకేం పని అన్నయ్యా? నా ఇల్లు నాకొస్తుందా?”

“రుజువుంటే ఎందుకు రాదు?” అన్నాడు నక్క.

పిల్లల్ని నిద్రపుచ్చి వెళ్ళింది మంగాయమ్మ. అక్కడ స్టూడియో దీపాల వెలుగుకి కళ్ళు చిట్లిస్తూ ఒదిగి కూర్చుంది. ఎదురుగా కూర్చోబెట్టిన బుల్లెయ్య మాత్రం జంకు లేకుండా మొదలెట్టాడు.

“ఆ ఇల్లు నేను తవ్వుకున్నది. గోడలనిండా నా పళ్ళగాట్లే. ఈవిడే దొంగతనంగా దూరింది.”

“విన్నావా చెల్లెమ్మా, నిన్ను దొంగంటున్నాడు. పడి ఊరుకుంటావా?” అని ఎగదోశాడు జోగారావు. ఊరుకోవద్దని ముందు వరసలో కూర్చుని చూస్తున్న బాతులన్నీ గోల చేశాయి.

“నా కష్టార్జితం బాబూ అది. నా పిల్లలు పుట్టిన ఇల్లు.”

“ఏడుపు రుజువు కాదమ్మా. కట్టినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియనిది ఏదైనా ఉంటే చెప్పు. లేదంటే నేనేం చెయ్యను, ఇల్లు ఆయనకే రాసివ్వాలి.”

అలాంటిది ఒకటుంది. ఎలుకల ఇళ్ళకి వెనక ఒక దొంగదారి తవ్వుకుని, పైన పల్చగా మన్ను కప్పి ఉంచుతారు. ఆపదొస్తే తలతో ఆ మన్ను నెట్టుకుని పారిపోవడానికి. దాని సంగతి తల్లి బిడ్డకి చెబుతుంది తప్ప కట్టుకున్నవాడికి కూడా చెప్పదు.

మంగాయమ్మ చుట్టూ చూసింది. బాతులు, గేదెలు, అందరూ ఆవిడ కోసం ముక్కు చీదుతున్నారు. వీళ్ళంతా నావాళ్ళే కదా, వీళ్ళ దగ్గర దాపరికమేమిటి అనుకుంది. పిచ్చి తల్లి, ఎదురుగా ఉన్నవాళ్ళనే లెక్కేసుకుంది గాని ఇళ్ళల్లో కూర్చుని చూసేవాళ్ళు గుర్తు రాలేదు.

“తూర్పున తుంగదుబ్బు కింద దొంగదారుంది. అది పిల్లలు పడుకున్న గదిలోకి వస్తుంది” అని చెప్పేసింది.

బుల్లెయ్యకి ఆ దారి సంగతే తెలియదని తేలిపోయింది. ఇల్లు మంగాయమ్మదేనని జోగారావు తీర్పిచ్చి, ఆవిడకి శాలువా కప్పాడు. చప్పట్లు మోగిపోయాయి.

బయటికొచ్చాక బుల్లెయ్యే దగ్గరికొచ్చి, “నేను ఇంటికి ఆశపడ్డాను గాని పిల్లల జోలికి వచ్చేవాణ్ణి కాదు. ఆ మాట టీవీలో ఎందుకు చెప్పావే?” అన్నాడు.

అప్పుడు తెలిసొచ్చింది మంగాయమ్మకి. శాలువా విసిరేసి పరుగెత్తింది. తుంగదుబ్బు కింద కన్నం బార్లా తెరిచి ఉంది. గదిలో పిల్లల్లేరు. గట్టు మీద జెర్రిపోతు ఒకటి కడుపుబ్బి కదల్లేక ఆయాసపడుతోంది.

“నీ కేసు మొదట్నించీ చూశాను మంగాయమ్మా. బాగా చెప్పావు” అంది.

గుండెలు బాదుకుంటూ మళ్ళీ జోగారావు దగ్గరికే వెళ్ళింది ఆ తల్లి, ఇంకెవరి దగ్గరికి పోతుంది?

“నా పిల్లల్ని మింగేసింది అన్నయ్యా. నాకు న్యాయం చెయ్యి.”

జోగారావు అంతా శ్రద్ధగా విన్నాడు. ఆవిడ తల నిమిరాడు.

“తప్పకుండా చెల్లెమ్మా, రేపే పెడదాం. జెర్రిపోతుని కూడా పిలిపిస్తాను. ఇప్పుడే ఏడ్చెయ్యకు మరి, రేపటికి కన్నీళ్ళు మిగలాలి.”

మన గోడు వింటానని కూర్చున్న ప్రతివాడూ మన మేలు కోరి కూర్చున్నవాడు కాడు.