పదకొండో ఉయ్యాల పిల్ల

అనగనగా సముద్రం ఒడ్డున ఓ ఊళ్ళో, బట్టలు కుట్టే ధర్మారావూ, ఆయన భార్య రత్నమాలా ఉండేవారు, బంగారూ. వాళ్ళకి పిల్లల్లేరు. పన్నెండేళ్ళు ఎదురుచూశారు. అప్పుడిక పట్నంలో అనాథాశ్రమానికి వెళ్ళి, మూడేళ్ళ ఆడపిల్లని పెంచుకోడానికి తెచ్చుకున్నారు.

ఆ ఆశ్రమంలో నలభై ఉయ్యాలలు. ఆయాలేమో ఇద్దరే. పాలసీసా దిండుకి ఆనించి ఇంకో ఉయ్యాల దగ్గరికి పోయేవారు. ఎత్తుకోడానికి వాళ్ళకి చేతులెక్కడివి? పిల్లలు మొదట్లో ఏడ్చేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. ఆ తర్వాత ఏడవడం మానేశారు. ఈ పిల్లకి అక్కడ పేరైనా లేదు. పదకొండో ఉయ్యాల పిల్ల అనేవారంతే. రత్నమాల సుహాసిని అని పేరు పెట్టుకుంది.

"ప్రేమగా చూసుకుంటే అన్నీ అవే సర్దుకుంటాయి," అన్నాడు ధర్మారావు.

మొదటి ఏడు సుహాసిని గడప తన్నుకుని పడింది. మోకాలు చీరుకుపోయింది. రత్నమాల పరుగెత్తుకొచ్చేసరికి, గోడవైపు తిరిగి కారే రక్తం చూసుకుంటూ కూర్చునుంది. అమ్మా అని పిలవలేదు. ఎత్తుకుంటే కర్రలా బిగుసుకుపోయింది.

ఆ మరుసటి ఏడు తిరనాళ్ళకి తీసుకెళ్ళారు. గాజులమ్మే ఆవిడెవరో చెయ్యి చాపితే, పట్టుకుని వెళ్ళిపోయింది. వెనక్కైనా చూడలేదు. రత్నమాల ఏడుస్తూ వెతుక్కుంటూ వచ్చి ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల గాజులావిడని చూసి ఎలా నవ్విందో, అమ్మని చూసీ అలాగే నవ్వింది. అప్పుడు రత్నమాలకి గుండెల్లో రాయి పడింది.

మూడో ఏడు బళ్ళో వేశారు. పొద్దున్న నేర్పిన అక్షరాలు సాయంత్రానికి ఉండేవి కావు. కుదురుగా కూర్చోలేకపోయేది. పక్కపిల్ల ఏడిస్తే, ఎందుకేడుస్తోందో దానికి తెలిసేది కాదు.

అప్పుడు డాక్టరమ్మకి చూపించారు.

"పసితనంలో పలకరించే దిక్కు లేకపోతే ఇలా అవుతుందమ్మా," అందావిడ. "కొందరు తేరుకుంటారు. కొందరు తేరుకోలేరు. మీరు మాత్రం విసుగుపడకండి."

వాళ్ళు విసుగుపడలేదు. పదిహేనేళ్ళు వచ్చేదాకా గోరుముద్దలు పెట్టింది రత్నమాల. రోజూ తల దువ్వి, జడ వేసి, బుగ్గ మీద ముద్దు పెట్టేది. పిల్ల నిలబడి పెట్టించుకునేది. ఇరుగుపొరుగువాళ్ళు రాతిగుండె అన్నారు. పాపం, దాని తప్పేముంది?

ఆ తర్వాత ధర్మారావు పోయాడు. రత్నమాల మంచాన పడింది. సుహాసినికప్పుడు ఇరవై రెండేళ్ళు. వేళకి గంజి పట్టేది, వేళకి మాత్ర ఇచ్చేది, దుప్పట్లు ఉతికేది. ఎందులోనూ వంక లేదు.

ఒక మధ్యాహ్నం రత్నమాల అడిగింది. "నేనంటే నీకు ఇష్టమేనా, తల్లీ?"

సుహాసిని చేతిలోని గంజిగిన్నె కింద పెట్టింది. దానికి అబద్ధం చేతకాదు.

"నువ్వు నన్ను బాగా చూశావమ్మా. ఇష్టమంటే లోపల ఎలా ఉంటుందో నాకు తెలీదు. తెలిస్తే బాగుండుననిపిస్తుంది."

రత్నమాల కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. సుహాసిని చెయ్యి లాక్కోలేదు. పట్టుకోనూ లేదు. ఆ వారంలోనే రత్నమాల కన్నుమూసింది.

అంతే, బంగారూ. ఇలా దగ్గరికి జరుగు.

కంచికి పోయింది కథంతా,
ఇంటికి పోదాం మనమంతా.