ఓయిదియాకి ఉంచిన చోటు

ఊఁ కొడితేనే చెప్తా. ఊఁ కొట్టకపోతే కథ కదలదు, కంచికి అసలే పోదు.

అనగనగా, మన తాతల తాతలు పుట్టకముందు, ఆఫ్రికాలో ఇగ్బోవాళ్ళ దేశంలో ఓయిదియా అని ఒక అవ్వ ఉండేది. ఇల్లంటే మట్టి గుడిసె, ఆస్తంటే ఒక సన్నటి పుల్ల. అడవికాయలు దంచి, ఆ రసంలో పుల్ల ముంచి, పెళ్ళికూతుళ్ళ ఒంటిమీద ముగ్గులు గీసేది. గీసినప్పుడు కనపడవు. తెల్లారేసరికి నల్లగా తేలతాయి. వారం దాటితే మాయం!

వాటిలో పాముచుట్ట అనే ముగ్గు వాళ్ళమ్మ నేర్పింది. అది ఇంకెవరికీ రాదు. "ఒళ్ళు దొరికినన్నాళ్ళే ఇది బతుకుతుందే తల్లీ" అని చెప్పి ఆ తల్లి కన్నుమూసింది.

ఇంతలో ఊళ్ళోకి కొత్తరకం బట్ట వచ్చింది. పెళ్ళికూతుళ్ళు నడుముకి చుట్టుకున్నారు. పొట్టమీది ముగ్గు కాస్తా మునిగిపోయింది.

"చోటుందా?" అంది ఓయిదియా.

"వీపుంది అవ్వా."

వీపుమీద గీసింది. తర్వాత రవిక వచ్చింది, వీపు పోయింది.

"చోటుందా?"

"చేతులున్నాయి అవ్వా."

చేతులమీద గీసింది. ఆ తర్వాత పొడుగుచేతుల గౌను వచ్చి మణికట్టు దాకా మూసేసింది.

"చోటుందా?"

అడాకు అనే పెళ్ళికూతురు మూతి తిప్పింది. "ఇంకెక్కడి చోటు? కొత్త గౌనుకి మరకవుతుంది. పో అవ్వా!"

ఓయిదియాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మ చుట్ట తన చేతుల్లోనే చచ్చిపోవాలా? ఊహూఁ! అడాకు గుమ్మంలోనే చతికిలబడింది. వానొచ్చింది, లేవలేదు. జనం నవ్వారు, లేవలేదు. తిండి పెట్టారు, ముట్టలేదు.

"ఏం మొండిదానివే అవ్వా!" అని అడాకు విసురుగా చెయ్యి చాపింది. "ఇదిగో, మణికట్టు కింద ఈ కాస్త ఉంది. తొందరగా కానీ."

"చూడు, లోపల్నించి మొదలు. పుల్ల ఎత్తకూడదు" అంటూ గీసింది ఓయిదియా.

"నాకెందుకూ!" అంది అడాకు. అన్నదే గానీ, చూసింది.

వారానికి ఆ చుట్ట చెరిగిపోయింది. కొన్నేళ్ళకి ఓయిదియా కూడా పోయింది. ఊరివాళ్ళు ఆమెని మెడదాకా బట్టలో చుట్టబోయారు.

"ఆగండి! చోటుంచండి!" అంటూ అడాకు పరుగున వచ్చింది. ఆ ముసలి చెయ్యి బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుంది. లోపల్నించి మొదలుపెట్టింది, పుల్ల ఎత్తలేదు. "అందరికీ గీశావు, నీకెవరూ గీయలేదు కదే అవ్వా!" అని భోరుమంది.

అది నల్లగా తేలేలోపే పూడ్చేశారు. తేలే ఉంటుందంటారు అందరూ.

ఈనాటికీ ఆ ఊళ్ళో పెళ్ళికూతురు ఎంత గొప్ప బట్ట కట్టినా ముందు చెయ్యి చాపుతుంది.

"చోటుందా?" అని అడుగుతుంది గీసే మనిషి.

"నీకు ఉంచాం అవ్వా" అంటుంది పెళ్ళికూతురు, గీసేది తనకన్నా చిన్నపిల్లయినా సరే.